తొమ్మిదిసార్లు తెరుచుకోని తలుపు

శేషావతారం మాస్టారిని ఒక ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేలోగా అడిగినవాళ్ల జుట్టు నెరిసిపోతుంది. నాది అలా నెరిసిందే. మా పట్టణ మంచినీటి కార్యాలయంలో కంప్యూటర్ల గది ఆయనది, పక్కన టెలిఫోను బోర్డు నాది, మధ్యన ఒక చెక్క అడ్డు. ఆ చెక్కకు చెవి ఆనించి నేను సంపాదించిన జ్ఞానం నాలుగు విశ్వవిద్యాలయాలకు సరిపోయి ఇంకా మిగులుతుంది. ఆయన ఎవరితోనైనా వాదించగా మాత్రం ఒక్కనాడూ వినలేదు. ఏమడిగినా, ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కెజియా ఆ రోజు కొత్తగా వచ్చిన గేట్‌వే పెట్టెను అమరుస్తోంది. పంపులూ వాల్వులూ నడిపే సిబ్బంది ఇళ్ల నుంచి మా కంప్యూటర్లలోకి రావాలంటే ఆ పెట్టె గుండానే రావాలి. చూడ్డానికి మిఠాయి డబ్బా అంతే గానీ, దానిలోని సెట్టింగులు తిరుమల మెట్లకన్నా ఎక్కువ. వచ్చిపోయేవాళ్ల జాడను లాగు అనే చిట్టాలో రాసిపెట్టే చోటికి చేరేసరికి ఆ పిల్ల చెయ్యి ఆగింది.

“మాస్టారూ, పాస్‌వర్డు తప్పు కొట్టినవాళ్లను రాయమన్నాను. సరిగ్గా కొట్టి లోపలికొచ్చినవాళ్లను కూడా రాయమనాలా? వాళ్లు మనవాళ్లే కదండీ! రోజుకు వేల వరుసలు పడతాయి, డిస్కు నిండిపోతుంది. అవన్నీ ఎవరు చదువుతారు?”

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడుపులో ఒక వరి పంట కోతకొచ్చి ఉంటుంది. తరవాత చెప్పారు.

పదకొండేళ్ల కిందట ఆయన మరో ఊరి నీటి కార్యాలయంలో ఉండేవారు. అక్కడా ఇలాంటి పెట్టెనే తన చేత్తో అమర్చారు. కెజియాకు తోచిందే ఆయనకూ తోచింది. రానివ్వనివాళ్ల పేర్లు రాసుకుంటే చాలు, వచ్చినవాళ్లతో మనకు పేచీ ఏముంది?

అక్కడ పోలినాయుడని ఒక వాల్వు ఆపరేటరు. ముప్పయ్యేళ్లు ఇనప చక్రాలు తిప్పిన చేతులు. ఒక్కో వేలు అరటికాయంత. ఒక అక్షరం నొక్కబోతే దాని చుట్టపక్కాలన్నీ కలిసి పడేవి. వారపు సెలవులో ఉన్నవాడు కూడా మధ్యాహ్నం ఒకసారి ఇంటి నుంచి లోపలికొచ్చి, కొండమీది ట్యాంకులో నీటిమట్టం చూసి చెప్పాలని అక్కడి పద్ధతి. ఒక ఆదివారం అతను అలాగే రాబోయాడు. రెండూ పదికీ రెండూ ఇరవైకీ మధ్య లాగులో అతని పేరు, పాస్‌వర్డు తప్పు కొట్టినట్టు, తొమ్మిదిసార్లు పడింది. ఆ తరవాత లాగులో ఏమీ లేదు.

మూడు గంటలకు ఎవరో ఆ పెట్టె గుండానే వచ్చి ట్యాంకు అడుగు వాల్వు తెరిచారు. కావాలని తెరిచారో, మరో వాల్వు అనుకుని తెరిచారో! ఆజ్ఞ పెట్టెలోంచి వచ్చిందని లోపలి కంప్యూటరుకు తెలుసు, మనిషెవరో తెలియదు. కొండ దిగువ వీధి మీదికి సముద్రాలు ఏడూ కలిసి దిగాయి. మట్టిగోడ కూలి, కుట్టుమిషను ముందు కూర్చున్న పైడమ్మ అనే ఆవిడ అక్కడికక్కడే పోయింది.

పాస్‌వర్డు ఉండి లోపలికి రాగలిగినవాళ్లు పదహారుమంది. అందరూ మేం రాలేదంటే రాలేదన్నారు. పదిహేనుమంది పేర్లు ఆ రోజు లాగులో లేనే లేవు.

విచారణాధికారి ముందు పోలినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “తొమ్మిదిసార్లు కొట్టినాను బాబూ, తలుపు తెరుసుకోనేదు. ఇసుగొచ్చి ఒగ్గీసి అన్నానికి కూకున్నాను.”

మాస్టారు కూడా చెప్పారు. “అతను లోపలికి రాలేకపోయాడనే కదండీ ఈ కాగితం చెబుతున్నది!”

“తొమ్మిదిసార్లు రాలేకపోయాడు. పదోసారి వచ్చి ఉంటే మీ పెట్టె రాస్తుందా?” అన్నాడు అధికారి.

“రాయదండీ.”

“మిగతావాళ్లు వచ్చి ఉంటే?”

“అదీ రాయదు.”

“మరి నన్నేం చెయ్యమంటారు? నా దగ్గరున్నది ఒక్కడి పేరు.”

పోలినాయుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. పైడమ్మ మొగుడు రోజూ ఉదయం వచ్చి అతని గుమ్మానికి ఎదురుగా కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు, ఏడ్చేవాడూ కాదు. కాసేపు చూసి లేచిపోయేవాడు. అతను వెళ్లేదాకా పోలినాయుడి భార్య పొయ్యి ముట్టించేది కాదు.

ఆర్నెల్ల తరవాత మాస్టారు చూడబోయారు. పోలినాయుడు పీట వేసి, మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించి అడిగాడట. “బాబూ, రోజూ ఆలోసిస్తన్నాను. పదోసారి కొట్టినానేటి నాను? కొడితే సరిగ్గా పడిపోనాదేటి? నాకిప్పుడు గేపకం రాడం నేదు. మీ పెట్టికే తెలవాల.”

మాస్టారు నీళ్లు తాగి వచ్చేశారు.

చెక్కకు ఇవతల నాలుగు లైన్లు ఒకేసారి మోగుతున్నాయి. నేను ఒక్కటీ ఎత్తలేదు. అవతల కెజియా లోపలికొచ్చినవాళ్లనూ రాయమని పెట్టెకు చెప్పి, ఆ వరుసలు మరో కంప్యూటరులో కూడా నిలవుండేలా అమర్చింది. తన పేరుతో ఒకసారి లోపలికెళ్లి, పేరూ సమయమూ పడ్డాయో లేదో చూసుకుంది. పడ్డాయి. అయినా ఆ పిల్ల మొహం విప్పారలేదని గొంతులోనే తెలిసిపోయింది.

“మాస్టారూ, ఆ లాగు రాసిందే తప్పేమో! పెట్టెలు కూడా ఒక్కోసారి తప్పు రాస్తాయిగా?”

“లేదమ్మా,” అన్నారు మాస్టారు. “అందులో ఒక్క అబద్ధమూ లేదు.”