తాకని చేయి

అడిగినదానికి అవుననో కాదనో చెప్పడం పరాంకుశం గారికి అలవాటు లేదు. కోతుల మీద పరిశోధన జరిగే ఆ ల్యాబులో శిష్యులందరికీ తెలిసిన సంగతే. ఏదైనా అడిగితే లేచి ఏదో ఒక పని చేస్తారు, జవాబు అందులో వెతుక్కోవాలి. ఆరోజు శిష్యురాలు వకుళకు అంత ఓపిక లేదు. సాయంత్రానికల్లా నివేదిక పంపాలి.

ఆమె పరీక్షిస్తున్నది ప్రొజెస్టెరాన్ పనిని అడ్డుకునే మందు. గర్భం నిలవడానికి తల్లి ఒంట్లో ఊరే హార్మోను అది. మందు ఇచ్చాక గౌరి అనే ఆడకోతి కడుపులోంచి తీసిన పిండం ఎదుగుదల ఆగిపోయి, ముడుచుకుపోయి ఉంది. అదే మందు గాజు పళ్ళేల్లోని పిండాల మీద వేస్తే మాత్రం అవి నిక్షేపంగా పెరుగుతున్నాయి.

"మందు పిండాన్ని ఏమీ చెయ్యట్లేదు సార్. గౌరి పిండమే మొదట్నుంచీ బలహీనమై ఉంటుంది. పిండానికి హాని లేదని రాసెయ్యనా?" అని అడిగింది.

ఆ ఒక్క మాట చూసే, మందును ఆడవాళ్ళకు ఇచ్చి చూడాలా వద్దా అన్నది పైవాళ్ళు తేలుస్తారు.

ఆయన లేచారు. ఒకరు పెంచే పిండాలున్న ఇంక్యుబేటర్ పెట్టె తలుపు మరొకరు తెరవకూడదని అక్కడ కట్టుబాటు, గురువైనా సరే. ఆయన తలుపు జోలికి పోలేదు. వరండాలోకి వెళ్ళి, గోడ అవతలనుంచి వకుళ పెట్టెకు, పిండాలు బతకడానికి కావలసిన గ్యాస్ పంపే సిలిండర్‌ను కట్టేశారు. దాని ఇనపబోనుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, తాపీగా వచ్చి కూర్చున్నారు. పెద్దమనిషి చెయ్యాల్సిన పనేనా అది?

పెట్టె మీద గ్యాస్ ఎంతుందో చూపే అంకె దిగడం వకుళ చూసింది. పాత పెట్టె, రబ్బరు అంచులు వదులు, లోపల గ్యాస్ నిలవదు. అలారం మోగింది. తలుపు తీస్తే ఉన్న కాస్త గ్యాసూ, వెచ్చదనమూ పోతాయి. తియ్యకుండా చూస్తూ నిలబడాలా? మళ్ళీ దొరకని పిండాలవి. వరండాలోకి పరుగెత్తి తాళం పట్టుకు గుంజింది, రాలేదు. ఆయన దగ్గరికి తిరిగి పరుగెత్తుకొచ్చింది.

"సార్, మీకు దండం పెడతాను, తాళంచెవి ఇవ్వండి. చచ్చిపోతాయి."

ఆయన ఇచ్చారు. ఆమె పడుతూ లేస్తూ వెళ్ళి సిలిండర్ తిప్పింది. అంకె మెల్లగా పైకి పాకింది, అలారం ఆగింది. ఆ కాసేపట్లో పాడైపోయేవి కావని తర్వాత తేలింది. అప్పుడు మాత్రం ఆమెకు ఆ ధైర్యం లేదు. పెట్టె పక్కనే నేలమీద కూలబడింది. అవతల గదిలో గౌరి బోను ఊచలు కుదుపుతోంది.

"ఎందుకు సార్ ఇలా చేశారు? చంపేసేవారే కదా."

"నేను తలుపు తియ్యలేదు, పళ్ళెం కదపలేదు, వాటిని వేలితో కూడా ముట్టుకోలేదమ్మా," అన్నారు పరాంకుశం గారు. "నీ నివేదికలో ఆ మందు పక్కన నా పేరు కూడా చేర్చు. హాని లేదని రాయి."