ముందు ముద్ద పిల్లలది

అనగనగా ఒక అడవి. అడవంటే ఉత్త అడవి కాదర్రా, పట్నమంత సందడి! తెల్లారితే చాలు, తల్లులందరికీ పనుల మీద పరుగే. మరి పిల్లల్నెవరు చూస్తారు? నాంచారి అనే ముంగిస చూసేది. మద్దిచెట్టు తొర్రలో గోరింక పిల్లలు, ఉడుత పిల్లలు, కొండముచ్చు పిల్లలు ఆమె చుట్టూనే ఆడుకునేవి. పాము అటు తొంగి చూస్తే ఒట్టు!

వాటి తిండంతా ఎలుగుబంటి మామే రోజూ గంపనిండా పెట్టేవాడు. ఒక రోజు మామ ఒళ్ళు విరుచుకుని అన్నాడు: "నాంచారీ, ఇకనుంచి రోజూ నా గుహ ముందు పిల్లలతో నా గొప్పలు పాడించు. పాట నచ్చితేనే తిండి."

"రేపు రాగం బాగాలేదంటావు. ఆకలికి రాగం తెలుస్తుందా మామా?" అంది నాంచారి.

"అయితే పో!" అన్నాడు మామ.

నాంచారి పిల్లల తిండి కోసం గడప గడపా తిరిగింది. గేదెనడిగింది.

"నాకు దూడల్లేవమ్మా. నాకెందుకీ గొడవ?" అంది గేదె.

జింకనడిగింది. "ఎవరి పిల్లల్ని వాళ్ళే చూసుకోవాలి" అంది జింక.

నెమలినడిగింది. "అడవికి ఇంత అందం ఇస్తున్నానుగా, అది చాలదూ?" అన్నాడు నెమలి.

పాపం నాంచారి! పిల్లల్ని తల్లులకప్పగించి తొర్ర మూసేసింది. తల్లులు పనులు మానుకుని పిల్లల దగ్గరే కూర్చున్నారు.

మర్నాడు ఏమైందనుకున్నారు? గేదె వీపు మీద పిడుదులు ఏరడానికి గోరింక రాలేదు. చెట్టు కొసన కొండముచ్చు లేదు, "చిరుతొచ్చె!" అని అరిచేవాళ్ళు లేరు. చిరుత పంజాకి తోక చిక్కకుండా జింక తప్పించుకుందంటే దాని అదృష్టం. నెమలి పురి విప్పాడు, చూసేవాళ్ళేరీ? ఉడుత కొమ్మెక్కి నేరేడు పళ్ళు రాల్చలేదు. మామ చెట్టు కింద నోరు తెరుచుకునే ఉన్నాడు!

సాయంత్రానికి గేదె పరుగెత్తుకొచ్చింది. "తల్లీ నాంచారీ, గోరింకను పంపమ్మా, దురదతో చచ్చిపోతున్నా!"

"నీకు దూడల్లేవుగా వదినా?"

"వీపుందిగా!" అంది గేదె.

అందరూ గొల్లున నవ్వారు. జింకా నవ్వింది, నెమలీ నవ్వాడు. వాళ్ళూ వచ్చింది ఆ పనికే మరి.

నాంచారి తొర్ర ముందు ఒక తొట్టి పెట్టింది. "ఒక్కరి గంప నాకొద్దు. తినే ముందు ఎవరికి వాళ్ళు ఒక ముద్ద తీసి ఇందులో వేయండి. ముందు ముద్ద పిల్లలది" అంది. మనం ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు పక్కకు తీస్తాం చూశారూ, అలాగన్నమాట.

మామ మాత్రం మూతి ముడుచుకుని గుహలోకి పోయాడు. అయినా తొట్టి నిండింది! మర్నాడూ నిండింది. తొర్ర తెరుచుకుంది, తల్లులు పనుల మీద ఎగిరిపోయారు.

వానాకాలం వచ్చింది. మామ జ్వరమొచ్చి గుహలో పడ్డాడు. "ఇక నన్నెవరు చూస్తారు?" అని మూలిగాడు.

అంతలో బయట పాట వినపడింది. నాంచారి పిల్లల్ని వెంటేసుకుని తొట్టిలోంచి తిండి మోసుకొస్తోంది. ఆ పాటలో మామ పేరు లేదు, మామ గొప్పా లేదు. వానా వానా వల్లప్పా అని తడుస్తూ పాడుకుంటున్నాయంతే.

మామ పళ్ళెం అందుకున్నాడు. నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఒక ముద్ద తీసి ఉడుత పిల్ల చేతిలో పెట్టాడు.

"ఇది తొట్టిలో వెయ్యి తల్లీ. ముందు ముద్ద మీది."

అడవంతా ఈల వేసింది!

నీతి: పిల్లలు ఊరందరి పిల్లలు, ఒక్కరు దయతో పెట్టే గంప కన్నా, అందరూ తీసిపెట్టే ముద్దే నిలుస్తుంది.