ముద్ర లేని అతుకు

అనగా అనగా, కొండలు ఇంకా కొత్తగా ఉన్న కాలంలో, కోనగిరి అని ఒక ఊరు ఉండేది. ఊరేమో కొండ మీద, నీళ్లేమో లోయలో. కడవెడు నీళ్ల కోసం ఆడవాళ్లు ఏడువందల మెట్లు దిగి, ఏడువందల మెట్లు ఎక్కేవారు.

అది చూడలేక రాజు మణిధరుడు ఒక ఆలోచన చేశాడు. ఎదుటి కొండ మీద, కోనగిరి కంటే ఎత్తున, ఎండాకాలంలోనూ ఎండని ఊట ఒకటి ఉంది. ఆ నీటిని ఇనుప గొట్టాల్లో లోయలోకి దింపి, మళ్లీ కోనగిరి మీదికి ఎక్కించాలన్నాడు.

పని ఇనుము అతికే ఇద్దరు ఆచారులకు అప్పగించాడు. ఒకరు ముసలి వీరయాచారి. రెండోవాడు ఆయన దగ్గరే పని నేర్చిన మారోజు. ఊట దగ్గర నుంచి ముసలాయన, కోనగిరి నుంచి మారోజు గొట్టాలు అతుక్కుంటూ దిగి, లోయ అడుగున కలుసుకోవాలి.

అతికే పద్ధతి ఇద్దరికీ ఒకటే. రెండు గొట్టాల అంచులనూ ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. ఎదురెదురుగా నిలిపి, మధ్యన గరికపోచ పట్టేంత సందు ఉంచాలి. కరిగిన ఇనుము ఆ సందులోంచి లోపలి గోడ దాకా దిగాలి. అప్పుడే రెండూ ఒక్క గొట్టమవుతాయి. చివర, అతికినవాడు పక్కనే తన ముద్ర కొట్టాలి. అది వాళ్ల కట్టుబాటు.

మారోజు చెయ్యి చురుకైనది. పేరు మీద ఆశ అంతకంటే చురుకైనది. ముసలాయన ఒక అతుకు వేసేలోగా తను రెండు వేసేవాడు.

లోయ అడుగున, ఇద్దరి గొట్టాలూ కలిసే చోట, మారోజు వంతుకు చివరి అతుకు మిగిలింది. నీటి బరువంతా పడేది అక్కడే. ఆ పూటే రాజుగారు పని చూడటానికి బయలుదేరారని కబురు వచ్చింది. అంచులు అరగదీస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. మారోజు అరగదీయలేదు, సందూ ఉంచలేదు. గొట్టానికి గొట్టం ఆనించి పైపైన ఇనుము పోశాడు. చూడటానికి ఏ లోపమూ లేదు. ముద్ర కొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. మట్టి కప్పేశాడు.

రాజు వచ్చి, అంత త్వరగా పని ముగించినందుకు ముచ్చటపడి, తన శాలువా తీసి మారోజుకు కప్పాడు. ముసలాయన శిష్యుణ్ణి చూసి మురిసిపోయాడు. మారోజు ఆయన కళ్లలోకి చూడలేకపోయాడు.

జనం వెళ్లాక మారోజు కోనగిరి ఎక్కేసరికి, అక్కడి గొట్టం కొసలోంచి ఒక కప్ప బయటికి వచ్చింది. కప్పకు మాటలెక్కడివని అడక్కండి. తప్పు చేసి దాచుకున్నవాడితో ఆ రోజుల్లో అన్నీ మాట్లాడేవి. ఈ రోజుల్లోనూ అంతేనేమో.

“మారోజూ, నీ చివరి అతుకు లోపల కలవలేదు, ఆ చీలికలో నా కాలు చిక్కింది,” అంది కప్ప.

లోపలికి దూరి చూసేదెవరని మారోజు దాన్ని అదిలించాడు.

మర్నాడు కొంచెం నీళ్లు వదిలి చూశారు. చివరి అతుకు మీద మట్టి చెమ్మగిల్లింది. కప్ప మళ్లీ వచ్చి, ఇంకా మించిపోయింది లేదు, కోసి సరిగ్గా అతకమంది. కోస్తే నలుగురూ చూస్తారు, ఎందుకని అడుగుతారు. మారోజు మట్టి తీసి, రాజుగారి శాలువాతోనే ఆ తడి తుడిచి, మళ్లీ కప్పేశాడు. తుడుస్తుంటే తన మీద తనకే రోత పుట్టింది. అయినా తుడిచాడు.

మూడోనాడు ఊట దగ్గర తూము పూర్తిగా తెరిచారు. కోనగిరి మీద ఆడవాళ్లు కడవలు వరసగా పెట్టుకుని నిలబడ్డారు. నీళ్లు లోయలోకి దిగి, ఇవతలి కొండ ఎక్కడం మొదలుపెట్టాయి. అంతలో అడుగున పెద్ద చప్పుడు. గొట్టం అతుకు దగ్గర విడిపోయి, నీళ్లన్నీ రాళ్లపాలయ్యాయి. ఆడవాళ్లు ఖాళీ కడవలతో మెట్లు దిగసాగారు.

రాజు లోయలోకి వచ్చి ముద్ర కోసం వెతికించాడు. ముద్ర లేదు. ముసలాయనకు చూపు మందగించింది, ఆయనే మరిచి ఉంటాడని అందరూ అన్నారు.

వీరయాచారి వంగి, విరిగిన అంచును వేళ్లతో తడిమాడు. ఆకురాయి తగలని అంచు. ఆ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. ముసలాయన తల తిప్పి ఎవరి వంకా చూడలేదు.

“నాదే అయి ఉంటుంది, దేవరా,” అన్నాడు.

ఆయన ఇక కొలిమి ముట్టకూడదని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. వీరయాచారి నడుముకున్న సుత్తి తీసి నేల మీద పెట్టాడు. యాభై ఏళ్లు పట్టిన సుత్తి. కప్ప వచ్చి విరిగిన గొట్టం మీద కూర్చుంది. మారోజును చూస్తూ ఉండిపోయింది, అంతే.

మారోజుకు భూమి చీలితే బాగుండుననిపించింది. భూమి చీలలేదు. శాలువా తీసి సుత్తి పక్కన పెట్టాడు.

“ఆ అతుకు నాది, దేవరా. అంచు అరగదీయలేదు. తెలిసే చేశాను.”

ఆ తర్వాత గురువు కాళ్ల దగ్గర కూలబడి, తెలిసీ మీ మీద ఎందుకు వేసుకున్నారని అడిగాడు.

“అంచు అరగదీయకుండా అతికేవాడు నా చేతికింద తయారయ్యాడు,” అన్నాడు ముసలాయన. “అది నా తప్పు కాదట్రా?”

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మారోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజు సుత్తిని తన చేతులతో ఎత్తి వీరయాచారికి ఇచ్చాడు. అతుకు మళ్లీ వేసేదాకా ఊరందరి కడవలూ మారోజే మోయాలన్నాడు. మారోజు అంచులు అరగదీస్తూ, కడవలు మోస్తూ, ఎదురైన ప్రతి ఆడమనిషికీ తన తప్పు తనే చెప్పుకున్నాడు. ఏడోనాటికి అతుకు సిద్ధమైంది. ముసలాయన అతుకు చుట్టూ వేళ్లతో తడిమి తల ఊపాడు. కప్ప ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి, కాలు ఎక్కడా చిక్కలేదంది. అప్పుడు మారోజు తన ముద్ర కొట్టాడు.

కోనగిరికి నీళ్లు వచ్చాయి. రాజు శాలువా తిరిగి ఇవ్వబోతే మారోజు పుచ్చుకోలేదు, బతికినన్నాళ్లూ మరే శాలువా కప్పుకోలేదు.

కాబట్టి పిల్లలూ, పైన ఎంత బాగున్నా లోపల కలవని అతుకు నిలవదు. మన పేరు పెట్టుకోవడానికి చెయ్యి రాని పనిని అప్పుడే విప్పి సరిచేసుకోవాలి.