మబ్బుల ఊరికి అవతల

అనగనగా, మనమెవ్వరం చూడని ఒక కొండరాజ్యంలో నాచమ్మ అనే చిత్రకారిణి ఉండేది. కథల్లో తప్ప ఎక్కడా లేని లోకాలను గుడ్డమీద గీయడమే ఆమె పని. ఎగిరే ఏనుగులు, కబుర్లాడే చేపలు, పాలసముద్రం ఒడ్డున గాజుమేడలు... అబ్బో, ఆవిడ గీస్తే నిజంగా ఉన్నాయేమో అనిపించేవి!

ఆ రాజ్యానికి రాజు మల్లభూపతి. ఆయనకు ఒక్కతే కూతురు, మైలమ. రోజూ పడుకునేముందు రాణి ఆ పిల్లకు మబ్బుల ఊరి కథ చెప్పేది. పాపం, ఒక ఏడు వానాకాలంలో రాణి జబ్బుచేసి కన్నుమూసింది. అప్పటినుంచీ మైలమ అన్నం ముట్టదు, ఎవరితోనూ ఆడదు. "అమ్మ చెప్పిన మబ్బుల ఊరు చూపించండి" అనే ఒకటే మాట. పిల్ల చిక్కి సగమైపోయింది.

రాజు నాచమ్మను పిలిపించాడు. "అమ్మా, నా బిడ్డ నాకు దక్కాలంటే ఆ ఊరు కావాలి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

నాచమ్మ గబగబా బంగారు ఇళ్ళు, వెండి వీధులు గీసి తెచ్చింది. మైలమ చూసి, "మా అమ్మ ఊరు ఇది కాదు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఈసారి నాచమ్మ దాసీలను అడిగింది. తలుపు చాటున కథ విన్నవాళ్ళు కదా, వాళ్ళకు కొంత తెలుసు. పైకి పారే ఏరు, గొడుగులు పట్టుకున్న మేకలు, అన్నీ గీసింది. మైలమ వేలితో తడిమి చూసింది. "మేకలు ఇవే. కానీ అత్తా, ఇది సగమే" అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నాచమ్మ మూడోసారి కుంచె పట్టింది. దారిని ఏరు దాటించింది, కొండ ఎక్కించింది. కొండకు అవతల ఏముందో మాత్రం దాసీలకూ తెలియదు, ఆమెకూ తోచలేదు. వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. బొమ్మ గీసేముందు గుడ్డకంతా పూసే ఎర్రమట్టి, బొమ్మ పూర్తయ్యాక బొటనవేలంత కూడా ఖాళీగా కనబడకూడదు. కనబడితే గురువులు చెవి మెలిపెట్టేవారు. అయినా తెలియనిదాన్ని తెలిసినట్టు గీయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఎన్ని లోకాలు గీశాను, ఒక్కదానిలోనైనా ఒక్కపూట ఉండి రాలేకపోయానే అని గుండె బరువెక్కింది. ఆ చోటు అలాగే వదిలేసి పట్టుకెళ్ళింది.

ఆస్థాన చిత్రకారులు పకపకా నవ్వారు. "ఏం నాచమ్మా, రంగులు నిండుకున్నాయా?" అన్నారు.

మైలమ ఆ ఎర్రటి ఖాళీని చూసి లేచి కూర్చుంది. "ఇక్కడేముంది అత్తా?"

"నాకు తెలియదు తల్లీ. నాకూ వెళ్ళాలనే ఉంది. దారి చెప్పేవాళ్ళే లేరు."

"నాకూ తెలియదు. కొండ ఎక్కేసరికే రోజూ నిద్రపోయేదాన్ని. మిగతాది రేపు అనేది అమ్మ..." అంటూ మైలమ భోరుమంది. అమ్మ పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు.

నాచమ్మ దగ్గరకు తీసుకుంది. "అయితే ఆ మిగతాది నువ్వే చెప్పు. వింటాను."

మైలమ కళ్ళు తుడుచుకుంది. "మరి ఊ కొట్టాలి. కొట్టకపోతే చెప్పను" అంది, అచ్చం రాణిలాగే. తలుపు దగ్గరున్న రాజు గభాలున ఇటు తిరిగాడు.

"కొండ దిగితే ఒక అరుగు..."

"ఊ."

"దానిమీద అమ్మ కూర్చుని మేకలకు జడలు వేస్తోంది..."

"ఊ."

కథ సాగుతూనే ఉంది. మధ్యలో ఆగి, "ఆకలేస్తోంది. పాలన్నం తింటూ చెప్పనా?" అంది మైలమ. రాజు తానే పరుగెత్తి గిన్నె తెచ్చాడు. "ఇంక అరుగు కూడా గీసెయ్యమ్మా" అని నాచమ్మను బతిమాలాడు.

"వద్దు ప్రభూ. రేపు అమ్మాయి ఇంకోలా చెబుతుందేమో" అంది నాచమ్మ, కుంచె కడుక్కుంటూ. ఆమెకూ ఆ కొండ దిగి చూడాలని మహా ఆశగా ఉంది. అయినా కూర్చుని ఊ కొట్టింది.

కాబట్టి పిల్లలూ, లేని లోకాన్ని చూపించేవాళ్ళు చూసేవాళ్ళ కోసం అందులో కాస్త చోటు వదిలిపెట్టాలి.