శేషగిరి తీసుకెళ్లిన సీసా

మా గురువు నరహరిశాస్త్రిగారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. నాలుగు రోజులు పోయాక, అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయి హాయిగా ఉన్నప్పుడు వస్తుంది. "గురువులో లోపం కనబడితే శిష్యుడేం చెయ్యాలండీ?" అని శేషగిరి అడిగాడు. కప్పిపుచ్చమంటారని వాడి ఆశ. ఆయన వాడికేసి ఓసారి చూసి, పంచె సర్దుకుని లేచి వెళ్లిపోయారు.

గురువుగారికి పద్దెనిమిదేళ్లుగా షుగరు. భక్తులు పూతరేకులు తెస్తారు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారని ఈయన ఏమాత్రం నొచ్చుకోకుండా తింటారు. ఈమధ్య పాదాలు వాచాయి. డాక్టరుగారు చూసి, "షుగరువాళ్లకి మూత్రపిండాలు దెబ్బతింటుంటే ముందు మూత్రంలో ప్రొటీను పోతుంది, నురగ కడుతుంది. పొద్దుటిది పరీక్షకి పంపండి. ఉంటే ఇప్పుడే మందు మొదలుపెడదాం. ఆలస్యం చేస్తే డయాలసిస్ దాకా పోతుంది" అన్నారు.

సీసా ల్యాబుకి తీసుకెళ్లే భాగ్యం శేషగిరికి దక్కింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ప్రొటీను లేదు. డాక్టరుగారు ఫోనులోనే "ముప్పయ్యేళ్లవాడి మూత్రపిండాలండీ మీవి" అని మెచ్చుకుని, కొత్త మందు అక్కర్లేదన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. గురువుగారు కొట్టలేదు.

"శేషగిరీ, నీ వయసెంత?"

"ముప్పయ్యండి."

"రోజూ పొద్దున్నే నురగ చూస్తున్నవాణ్ణి నేను. అది ఎక్కడికి పోయింది?"

వాడు ఒప్పుకున్నాడు. దారిలో ఆయనది ఒంపేసి, తనది నింపి ఇచ్చాడట. "ల్యాబులో అందరూ మనవాళ్లేనండీ. తమకి రోగమని ఊరంతా తెలిస్తే ఆశ్రమం పరువేమవుతుంది?"

గురువుగారు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది మాకు.

"రేపు నా ఒంట్లో విషం పేరుకుంటే నీ పరువొచ్చి నా రక్తం శుభ్రం చేస్తుందా? రావలసిన మందు ఆపించి, దాని బదులు నాకు భక్తి పోశావు. ఉన్నది ఉన్నట్టు చూడమని ఆరేళ్లుగా మొత్తుకుంటున్నది ఎవరికి చెప్పాననుకున్నావు, ఈ గోడలకా?" పక్కనున్న పూతరేకుల డబ్బా వాడి ముందుకి తోశారు. "తిను. నీ మూత్రపిండాలు దివ్యంగా ఉన్నాయని కాగితం కూడా వచ్చింది."

మర్నాడు తెల్లవారగానే ఆయనే సీసా తెచ్చి వాడి చేతిలో పెట్టారు. మూతకింద నురగ ఇంకా అణగలేదు. సీసా మీద తన పేరు పెద్ద అక్షరాలతో స్వయంగా రాసుకున్నారు. వాడు మెల్లగా కండువా తీసి దానిమీద కప్పబోయాడు. గురువుగారు ఆ కండువా లాగి తన భుజాన వేసుకున్నారు.

"ఈసారి నన్ను తీసుకెళ్లు."