చౌడమ్మ ఇంటి చదును

అనగనగా ఒక రాజ్యం. ఎంత చిన్న రాజ్యమంటే, ఈ కొసన ఎవరైనా తుమ్మితే ఆ కొస నుంచి "చిరంజీవ!" అనేవారు.

ఆ రాజ్యంలో చౌడమ్మ, బసవయ్య అనే నేత దంపతులు ఉండేవారు. సొంత ఇల్లు లేదు. ఒకరి వసారాలో కాపురం, ఇంకొకరి కొట్టంలో మగ్గం. వాళ్ల నేతకు ముచ్చటపడి రాజు గుట్ట కింద ఇంటిస్థలం ఇచ్చాడు.

వాళ్లది గుంటమగ్గం, పిల్లలూ. ఇంటి నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేస్తారు. ఆ గుంటలో నీరు ఊరిందా, పడుగు నూలు చివికిపోతుంది, మగ్గం మూలపడుతుంది, పొయ్యిలో పిల్లి లేవదు. పైగా కొట్టం ఆసామి మృగశిర కార్తెకల్లా ఖాళీ చేయమన్నాడు. ఆలోగా పొడినేల మీద ఇల్లు లేవాలి.

స్థలం చూస్తే ఎగుడుదిగుడు. ఎలా చదును చేయాలి? తెలిసినవాళ్లను అడగాలి కదా! అడిగారు. అక్కడే మొదలైంది తికమక.

ముందు ఆస్థాన సిద్ధాంతి వచ్చాడు. "నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. శాస్త్రం!" అన్నాడు.

బసవయ్య పార పట్టాడు. చౌడమ్మ తట్ట ఎత్తింది. మోతకు ఒక గాడిదను తెచ్చుకున్నారు. ఈశాన్యం మట్టి నైరుతికి చేరింది. అయితే గుట్ట ఉన్నదీ ఈశాన్యం వైపే. వేసవి జల్లు పడగానే గుట్ట మీది నీళ్లన్నీ గబగబా దిగి ఆ పల్లంలో కూర్చున్నాయి. కదలవు.

"సామీ, నీళ్లు నిలిచాయి!"

"ఈశాన్యంలో నీళ్లా? మహా శుభం!" అని సిద్ధాంతి అక్షింతలు చల్లి వెళ్లిపోయాడు. శుభమో కాదో గానీ కప్పలు మాత్రం వచ్చి చేరాయి.

తరవాత షావుకారు గవరయ్య వచ్చాడు. "పిచ్చివాళ్లారా, పల్లం చేసుకుంటే నీళ్లు రాక పాలొస్తాయా? చెరువు మట్టి తోలండి. పక్కవాళ్లకంటే మోకాలెత్తు లేపండి. ఎత్తున ఉన్నవాడిదే పైచేయి!"

తోలారు. గాడిద నడుం పట్టేసింది. "నిన్న ఆ మూల నుంచి ఈ మూలకు. ఇవాళ చెరువు నుంచి ఇక్కడికి. రేపు దీన్ని మళ్లీ చెరువుకే మోయమంటారా? ముందే చెప్పండి, కాశీకి పోతాను" అంది.

మళ్లీ జల్లు పడింది. చెరువు మట్టి పొలానికి బలం, పునాదికి కాదు. వాన తగలగానే అంబలిలా జారింది. స్థలం నడిమధ్య బసవయ్య మోకాళ్ల దాకా దిగబడ్డాడు. ఎత్తు మీంచి జారిన నీళ్లు పక్కింటి కుమ్మరి ఓబులమ్మ వాకిట్లోకి పోయాయి. ఆరబెట్టిన పచ్చికుండలన్నీ కరిగి ముద్దయ్యాయి.

"ఏం వదినా, నీ ఇల్లు లేవకముందే నా ఇల్లు కూలుస్తావా?" ఓబులమ్మ కొంగు బిగించింది.

"గవరయ్య చెప్పాడు వదినా..."

"గవరయ్య చెప్తే గడ్డి తింటావా?"

గడ్డి మాట వినగానే గాడిద చెవులు రిక్కించింది.

మూడోసారి కోట కట్టిన మేస్త్రి వచ్చాడు. "చుట్టూ కట్ట వేయండి. శత్రువునైనా, నీళ్లనైనా లోపలికి రానివ్వకపోవడమే విద్య!"

వేశారు. బయటి నీళ్లు బయటే ఆగి ఓబులమ్మ ఇంటి మీదికి మళ్లాయి. లోపల కురిసిన వాన లోపలే ఆగింది. ఎవరివో బాతులు వచ్చి ఈతకు దిగాయి.

బసవయ్య కట్ట మీద కూలబడ్డాడు. "పల్లం అన్నారు, ఎత్తు అన్నారు, కట్ట అన్నారు. ముగ్గురూ పెద్దవాళ్లే. ఏది నిజమే? మనకే బుర్ర లేదేమో!"

"ఉండవయ్యా, నాకూ తల తిరుగుతోంది" అంది చౌడమ్మ.

ఓబులమ్మ వెళ్లి రాజుకు మొరపెట్టుకుంది. రాజు సలహా చెప్పిన ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. వస్తూనే చెప్పు బురదలో దిగబడింది. సిద్ధాంతి, షావుకారు, మేస్త్రి ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు. రాజు ఒంటికాలి మీద నిలబడి అన్నీ విన్నాడు.

"ముగ్గురూ సరిగ్గానే చెప్పినట్టుంది. మరి తప్పెక్కడుంది? నాకు మీ అందరికంటే ఎక్కువ తికమకగా ఉంది. పోనీ, ఈ స్థలం వెనక్కి తీసేసుకుంటే గొడవే ఉండదుగా!"

చౌడమ్మ ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. రాజు వైపు తల ఎత్తింది. "తీసుకునే ముందు వీళ్లను ఒక్కమాట అడగనివ్వండి ప్రభూ. సిద్ధాంతిగారూ, ఈశాన్యానికి వచ్చిన నీళ్లు ఆ తరవాత ఎటు పోవాలి?"

"అది... గ్రహాలు చూసి చెప్పాలి."

"షావుకారుగారూ, నా ఎత్తు మీంచి జారినవి?"

"నీ హద్దు దాటాక నీకెందుకమ్మా?"

"మేస్త్రిగారూ, మీరు ఆపినవి?"

"ఆపమన్నావు, ఆపాను. పంపమనలేదుగా!"

"విన్నారా ప్రభూ! రావద్దన్నవాళ్లే గానీ ఇటు పొమ్మన్నవాళ్లు లేరు. దారి చూపకుండా గెంటేస్తే నీళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి? వీళ్లనే అని లాభం లేదు. నేనూ అడగలేదు. మా వదిన కుండలు కరిగాక గానీ నాకు బుద్ధి రాలేదు. మా రెండిళ్ల మధ్య నా స్థలంలో బారెడు వెడల్పు వదిలేస్తాను. గుట్ట నుంచి వాగు దాకా కాలువ తవ్వుతాం."

"ఇచ్చిందే కాస్త చోటు. అందులోనూ తగ్గించుకుంటావా?" అన్నాడు రాజు.

"ఇల్లు ఇరుకైతే సర్దుకుంటాం ప్రభూ. మగ్గం మునిగితే ఏం సర్దుకుంటాం? పక్కిల్లు మునిగితే ఏ మొహం పెట్టుకుని బతుకుతాం?"

ఓబులమ్మ కొంగు వదులు చేసింది. "నా వైపు నుంచీ మూరెడు తీసుకో వదినా. కానీ ఆ చెరువు మట్టి నాకివ్వాలి. నీ పునాదికి చేటు గానీ నా కుండలకు బంగారం."

"మళ్లీ మోతే!" అని గాడిద ఓండ్ర పెట్టింది.

రాజు సరేనన్నాడు. కట్ట తెంచి, కాలువ తవ్వి, గట్టినేల తగిలేదాకా మెత్తని మట్టి తీసేశారు. మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసలతో గట్టిపడేదాకా కొట్టి, పొర మీద పొర వేశారు. ఇల్లు లేచే చోటు కాస్త ఎత్తు, అక్కడి నుంచి నేలంతా కాలువ వైపు వాలు. మేస్త్రి కాలువకు రాళ్లు పేర్చాడు. సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. గవరయ్య వచ్చి "నేను చెప్పిన ఎత్తే కదా!" అని మీసం దువ్వుకున్నాడు.

ఇల్లు లేచింది. గుంట తవ్వారు. మగ్గం దించారు. మృగశిర వచ్చింది. పొద్దున్నుంచి ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. గుట్ట మీంచి ఎర్రనీళ్లు హోరున దిగి, కాలువలోకి మళ్లి, రెండిళ్ల మధ్య నుంచి వాగులోకి పోయాయి.

చౌడమ్మ గుంటలోకి దిగి అడుగున అరచెయ్యి ఆనించింది.

"ఏమే, తడి ఉందా?" బసవయ్య గుంట మీదికి వంగి అడిగాడు.

ఆమె పొడి అరచెయ్యి పైకెత్తి చూపింది. గుంటలో కాళ్లు చాపుకుని నూలు చుట్టిన నాడె విసిరింది. మగ్గం టక్కుమంది. పక్కింట్లో ఓబులమ్మ కుమ్మరి సారె గిర్రున తిరిగింది.

ఇల్లు కట్టబోయేవారు ముందు నేలను సరిచేయాలి. నేలను సరిచేసేవారు, తమ హద్దు దాటిన నీళ్లు ఎవరి గడప తొక్కుతాయో ముందే అడగాలి.