సగం చుట్ట

రాజావారు కాల్చే చుట్టలకు దివాణంలో ఒక పరీక్షాధికారి ఉండేవాడు. పేరు జగ్గరాజు. అతను పనికిరావన్న చుట్టలు గంపతో సహా అతనింటికే పోవాలని రివాజు. అందుకే ఏ గంపా నెగ్గేది కాదు. చివరికి రాజావారికే పొగ కరువైంది.

ఒకనాడు చుట్టలు చుట్టే పైడమ్మ తన గంప తెచ్చి రాజావారి ఎదుటే దించింది. జగ్గరాజు ఒక చుట్ట తీసి, వాసన చూసి, ముట్టించాడు. కళ్లు మూసుకుని సగం దాకా కాల్చాడు.

“ఆకు ఇంకా పచ్చివాసనే. ఘాటు అంతంత మాత్రం. పొగ గొంతులో గరగరలాడుతోంది. పనికిరాదు,” అన్నాడు.

పైడమ్మ చెయ్యి చాపింది.

“అయితే ఆ సగం ఇటివ్వండి బాబూ. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేదాన్ని, నాకు గరగర ఒక లెక్కా? ఇంత చెత్త చుట్ట తవఁరెందుకు కాల్చడం?”

జగ్గరాజు చుట్ట పట్టుకున్న చేతిని చటుక్కున వెనక్కి దాచుకున్నాడు.

అతని వీపు వెనకనుంచి పొగ కమ్మగా లేస్తోంది. రాజావారు కాసేపు దాన్నే చూశారు.

“గంప లోపల పెట్టించండి,” అన్నారు. “జగ్గరాజుకి ఆ సగం చాలు.”